ఒక సెంటీమీటరు

తెల్లారుజాము నాలుగింటికి
ఓడ పక్కకి పడవని పోనిచ్చి
ఇంజను ఆపేశాడు పేసంగి నూకరాజు.
ఇక నేను చదవాలి.
కాకినాడ రేవులో నా ఉద్యోగం అదే:
ఓడ పొట్ట మీది తెల్లటి అంకెల్లో
నీళ్ళు ఎందాకా వచ్చాయో చదవడం.

టార్చి వేస్తాను.
అల ఎక్కినప్పుడొక అంకె, దిగినప్పుడొకటి.
సముద్రం ఒక్కమాట మీద నిలబడే రకం కాదు.
పది అలలు చూసి
నడిమిదాన్ని నిజమని రాసుకోవాలి.
ముందు, మధ్య, వెనక, మళ్ళీ అటువైపు,
ఆరుచోట్ల.

ఈ ఓడ ఒక సెంటీమీటరు దిగిందంటే
యాభై టన్నులు ఎక్కినట్టు.
అంటే వెయ్యి బస్తాల ఉప్పుడు బియ్యం.
అంటే ముప్పై ఎకరాల పైచిలుకు,
ఆకుమడి నుంచి కుప్పనూర్పు దాకా.
ఇదంతా ఓసారి చెప్పానని
నూకరాజు ఇప్పుడు సెంటీమీటర్లు అడగడం మానేశాడు.
"ఎన్నెకరాలు ములిగిందండీ?" అంటాడు.

మా మేనమామ అంగరలో కౌలు చేస్తాడు.
ములగడం అన్న మాట
కోతల ముందు ఆ ఇంట్లో ఎవరూ పైకి అనరు.
కాలవల కింద బతికేవాళ్ళకి అది అప్పుల మాట.
ఈ గట్టు దగ్గర మాత్రం
అది కూలి మాట, కిరాయి మాట,
లారీ వెనక లారీ కదిలే మాట.

ఓడ ఖాళీగా రాదు.
ఎక్కడో ఆఫ్రికా ఒడ్డున నింపుకున్న నీళ్ళని
బరువు కోసం మోసుకొచ్చి ఇక్కడ వొంపుతుంది.
బియ్యం మాత్రం ఏమిటి?
ధవళేశ్వరం దగ్గర మళ్ళిన గోదారే కదా,
గట్టిపడి, సంచుల్లో కుట్టబడి.
నీళ్ళిచ్చి నీళ్ళు పుచ్చుకునే బేరం.

ఆ గోదారే
చేలో వేసిన ఒండ్రు మిగిలితే
తెచ్చి మా ఓడల దారిలో పోస్తుంది.
డ్రెడ్జరు రాత్రంతా తవ్వుతుంది.
పంట పండించే మట్టీ
పంట దాటాల్సిన దారిని పూడ్చే మట్టీ ఒకటే.
ఎవర్ని తిట్టాలో తెలీక
డ్రెడ్జరు వాళ్ళు డీజిలు ధరని తిడతారు.

నూకరాజు తాత కాలంలో ఇంత లోతు లేదు.
ఓడలు ఎక్కడో దూరంగా, పొగలా కనబడేవట.
పడవల్లో బస్తాలు మోసుకెళ్ళి
ఊగే ఓడకి, ఊగే పడవ మీంచి అందించడం.
ఆయనకి రెండు వేళ్ళు ఉండేవి కావు.
ఇప్పుడీ లోతులో నూకరాజు వల వెయ్యకూడదు.
"జీతం పడతందిగా" అంటాడు,
నీళ్ళకేసే చూస్తూ.

ఒక యేడు ఎగుమతి ఆపమన్నారు.
కాగితం ఢిల్లీలో కదిలింది,
మండపేటలో మిల్లు ఆగింది.
సంచులు కుట్టే దారం అమ్మేవాడు
కొట్టు సగానికి తగ్గించి సెల్ ఫోన్ కవర్లు పెట్టాడు.
క్రేను కొక్కెం మీద కొంగ వాలింది.
హుక్కు కింద రాలిన గింజలూడ్చే గంటా మరిడమ్మ
ఊడవడానికేం లేకపోయినా
చీపురు తెచ్చుకునేది. గేటులో
పాసు రద్దు చేస్తారేమోనని.

ఈ రాత్రి అంతా నడుస్తోంది.
తూర్పున మబ్బు పట్టింది.
చినుకు పడితే హాచ్ మూసెయ్యాలి,
మూస్తే గంటల లెక్కన ఓడకి అద్దె.
ఫోను మోగింది. మావయ్య.
సముద్రం చూసిన మనిషి కాదు.
"వాన పడతందిరా అక్కడ?"
ఇంకా లేదన్నాను.
"కుప్ప రోడ్డు మీదుంది. మిల్లాయన
ఓడ ఉన్నన్నాళ్ళే ఈ రేటంటన్నాడు.
ఇంకెంత పడద్ది దాంట్లో?"

టార్చి మళ్ళీ అంకె మీద వేశాను.
"నలభై సెంటీమీటర్లు."

అవతల కాసేపు మాట లేదు.
బెత్త పెట్టి కొలుస్తున్నాడేమో చీకట్లో.
"అంతేనా," అన్నాడు.
"మా ఊరంతా పడతాదిలే మావయ్యా" అన్నాను.

నుదుటి మీద చల్లగా ఒకటి.
చినుకో, అల తుంపరో.
నూకరాజు అరచెయ్యి చాపి
పైకి చూస్తున్నాడు.