బాయిలర్ ఆగిన రోజు

సోమవారం రాత్రి బాయిలర్ పగిలింది.
మంగళవారం పని లేదన్నాడు మేస్త్రి,
కూలీ కూడా లేదన్నాడు.
పలాసలో జీడిపప్పు ఒలిచే అయిదుగురం
తెల్లారకముందే ఆటో ఎక్కాం.

పదమూడేళ్లుగా చూస్తున్నదే,
ఫ్యాక్టరీ వెనక గోడ మీంచి,
మహేంద్రగిరి మీద ఆరేసి మర్చిపోయిన పంచెలా మబ్బు.
వెళ్లి ముట్టుకోవచ్చని
ఎవరికీ తోచలేదు.

మందసలో అర కిలో కోవా కొన్నాం.
కొండ కింద ఊళ్లో సవర సుక్కాయి ముందు నడిచింది,
నడుముకి కొడవలి,
కర్ర చివర ఉప్పూ పొగాకూ కట్టిన గుడ్డమూట.
"జలగలుంటాయి. ఆగిపోకండి.
ఆగితే మీరూ చెట్టే దానికి."

మొదట జీడితోటలు.
తవిటమ్మ మొహం తిప్పుకుంది, "ఇక్కడా ఇయ్యేనా!"
తర్వాత వెదుళ్లు, అడ్డతీగలు,
ఎవరో గిన్నెలు తోముతున్నట్టు కనబడని గెడ్డ.
ఆ పైన చెట్లకి
మా దగ్గర పేర్లయిపోయాయి.

ఎండ ఎప్పుడు పోయిందో చూడలేదు.
ముందు చెమట చల్లబడింది.
తర్వాత సుక్కాయి వీపు పల్చబడింది,
కొడవలి మెరుపొక్కటే కాసేపు నడిచింది,
తర్వాత అదీ లేదు.

వాన కాదు. పైనుంచి ఏదీ పడలేదు.
నాచు పట్టిన కొమ్మలే మబ్బుని పిండి
చుక్క చుక్కగా మా నెత్తిన వేస్తున్నాయి,
తలంటిన పిల్ల జడలోంచి కారినట్టు.
ఒక మాను చంకలో తెల్లటి పువ్వు,
మట్టి మొహం చూడకుండానే బతికేస్తోంది.
"బదనిక" అంది ఢిల్లెమ్మ.
"మరి అద్దె ఎవలికి కడతాది?" అంది నీలవేణి.
నవ్వాం.
నవ్వు కూడా తడిసి, దూరం పోలేదు.

చెయ్యి చాచి చూసుకున్నాను.
జీడినూనె తిని నల్లబడ్డ వేళ్లు,
పెళ్లిచూపుల్లో కొంగు కింద దాచిన వేళ్లు,
ఓటేసినా సిరా చుక్క కనబడని వేళ్లు.
మణికట్టు దాకా మబ్బు మింగేసింది.
కాసేపు నాకు చేతులు లేవు.
ఎంత తేలిగ్గా ఉందో
తవిటమ్మకి చెబుదామని తిరిగితే
తవిటమ్మా లేదు.

"పేర్లు పిలుసుకోండి." ఎటునుంచో సుక్కాయి.
ఢిల్లెమ్మా. నీలవేణీ. పోలమ్మా.
ఒక్కొక్క పేరూ పత్తిలో పడ్డ రాయిలా
చప్పుడు లేకుండా వెళ్లి, చాలాసేపటికి
"ఓయ్" అని తిరిగొచ్చింది.
చివర్లో నా పేరు నేనే అరిచాను, సన్యాసమ్మా అని.
అంత గట్టిగా దాన్ని ఎవరూ అనలేదు ఇప్పటిదాకా,
మా అమ్మ కూడా.

రాతి మీద కూర్చుని చద్దన్నం, ఎండు నెత్తళ్లు.
అప్పుడు పోలమ్మ బొడ్డు దగ్గర మూట విప్పింది.
గుప్పెడు బద్దపప్పు!
రోజూ ఒళ్లు తడిమి వదిలే గేటు
ఎలా దాటించిందో ఎవరం అడగలేదు.
మాకు మేమే సరిగ్గా కనబడని చోట
ఒక్కొక్క బద్దా నాలిక మీద పెట్టుకున్నాం.
"ఇలాగుంటాదేటి!" అంది తవిటమ్మ.
రోజుకి ఎనిమిది కిలోలు ఒలుస్తుంది తను.

గాలి ఒక్కసారి తెర లాగింది.
ఎక్కడో అడుగున సముద్రం, ఒక రైలు,
పలాస వైపు నిలువుగా సన్నటి పొగ.
"బాగయిపోనాది" అంది పోలమ్మ.
ఇక్కణ్నుంచి చూస్తే
అదీ ఒక పిల్లమబ్బే.
తెర మళ్లీ పడింది.

దిగాక డబ్బులిస్తే సుక్కాయి లెక్కపెట్టలేదు.
"కోవా ఏటైనా మిగిలిందా, మా గుంటడికి?"
ఆకుతో సహా ఇచ్చేశాం.

బుధవారం.
మడమ పైన జలగ పట్టిన చోట
నెత్తురు ఇంకా ఆగలేదు,
చీర అంచుకి ఎర్రటి మరక.
"ఏటది?" అన్నాడు మేస్త్రి.
"మబ్బు కరిసింది" అన్నాను.
అతను వినలేదు.
బాయిలర్ అప్పటికే అరుస్తోంది.