నేల నెమ్ము

ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చెయ్యరాదంటాం మనం.
డులూత్‌లో ఉప్పే ఇంటిని తింటుంది.
నవంబరు నుంచి ఏప్రిల్ దాకా రోడ్ల మీద చల్లినదంతా
చక్రాల సందుల్లో మంచుగడ్డై ఇరుక్కుని
గ్యారేజీలోకొచ్చి కరిగి
వెర్నా లాహ్తీ కారు కింద నేలని గుల్ల చేసింది.

బూడిదరంగు పూత పెచ్చులు పెచ్చులుగా లేచింది.
మరీ ముఖ్యంగా నాలుగు చోట్ల,
టైర్లు ఆగే నాలుగు చోట్ల,
మానకముందే గీకేసిన పుండులా.

పదకొండేళ్ళ కిందటి పూత.
వేసిన నాలుగోనాడే, వారం ఆగమన్నా వినకుండా
ఓరిన్ వేడి టైర్లతో ట్రక్కు లోపల పెట్టాడు.
ఆ సంగతి ఆమె విడాకుల లాయరుకు కూడా చెప్పింది.
అతను రాసుకోలేదు.

ఈ జూన్‌లో అద్దె గ్రైండరు మోసుకురావడానికి
ట్రక్కున్నవాడు మళ్ళీ ఓరినే దొరికాడు.
వీధిలోనే ఆపాడు. ఎవరూ చెప్పలేదు.

చెవులకి మఫ్లు, మూతికి మాస్కు.
మాట్లాడక్కర్లేని పని, ఇద్దరికీ సుఖం.
పైపొర అరిగేకొద్దీ కింద గులకరాళ్ళు తేలాయి:
ఎర్రవి, నల్లవి, ఒకటి మాత్రం కోడిగుడ్డు పెంకు రంగుది.
"పాపం, వీటినా కప్పేశాం" అంది.
అతనికి వినపడలేదు.
ఆమె మళ్ళీ అనలేదు.

గుమ్మం నుంచి తూము దాకా పాకిన నెర్రెని
ఉలితో వెడల్పు చేసి, దుమ్ము పీల్చి,
ముద్ద నింపి, బద్దతో సాపు చేశారు.
పూత రేపు, అనుకున్నారు.

అద్దె దుకాణం కుర్రాడు ఒకటి చెప్పాడు:
రెండడుగుల ప్లాస్టిక్ ముక్క నేలకి పరిచి
నాలుగంచులా టేపు అంటించి
ఒక పగలూ ఒక రాత్రీ వదిలెయ్యండి.
పదకొండేళ్ళ కిందట ఈ మాట చెప్పినవాళ్ళు లేరు.

తెల్లారి వెర్నా ఒక్కతే వెళ్ళి చూసింది.
ప్లాస్టిక్ లోపలివైపు చెమట.
వాన లేదు. పగిలిన పైపు లేదు.
కొండవాలు నీళ్ళు సరస్సుకి పోతూ పోతూ
ఈ పలక కింద ఆగి ఊపిరి తీసుకుంటున్నాయి,
ఇల్లు కట్టకముందు నుంచీ.

చాలాసేపు అక్కడే గొంతుక్కూర్చుంది.
టైర్లు పూతని లేపాయి, నిజమే.
పట్టు లేనిదాన్నే లేపాయి.

ఫోన్ చేసింది.
"నెమ్ముంది."
"ఎక్కడ?"
"అంతటా."
అవతల కాసేపు చప్పుడు లేదు.
"అయితే తేమని ఆపే అడుగుపూత కావాలి. రెండు డబ్బాలు. ఖరీదు."
"తెలుసు."

మేకుల చెప్పులేసుకుని ఇద్దరూ వెనక మూల నుంచి మొదలెట్టారు.
కలిపిన రంగు అరగంటలో గట్టిపడుతుంది,
డబ్బా చేతిలోనే కాగుతుంది.
అతను కలపడం, ఆమె రోలరు తొయ్యడం.
తడి ఆరకముందే రంగురవ్వలు గుప్పిళ్ళతో చల్లింది
కోళ్ళకి నూకలు వేసినట్టు.
ఒకటి రెండు అతని గడ్డంలో పడ్డాయి.
చెప్పలేదు.
వెనక్కి నడుస్తూ నడుస్తూ గుమ్మం దగ్గరికొచ్చి
బయటికి దిగి నించున్నారు,
ఎవరిల్లో చూడ్డానికొచ్చినవాళ్ళలా.

మూడో రోజు కాలు పెట్టొచ్చు.
ఏడో రోజు బండి.

తొమ్మిదో రోజు గ్రైండరు డిపాజిట్ రసీదు ఇవ్వడానికి వచ్చాడు.
వడగళ్ళు మొదలయ్యాయి.
ఆమె తలుపు పైకెత్తి, లోపల పెట్టమని చెయ్యూపింది.
ట్రక్కు గుమ్మం ముందుకొచ్చి ఆగింది.
ఓరిన్ దిగాడు.
నెత్తిన గళ్ళు టపటపా పడుతుంటే
వంగి, ముందు టైరు మీద
అరచెయ్యి ఆనించి చూశాడు.