మూల విరిగిన బండ

మా ఇంట్లో బువ్వ తినే బల్ల చెక్కది కాదు.
నిడుజివ్వి గనిలో తీసిన నల్లబండ,
ఆరడుగుల పొడవు, రెండు ఇటుక దిమ్మెల మీద.
మూల విరిగిందని లారీకి ఎక్కించలేదంట,
మా ఆయన ట్రాక్టరులో ఏసుకోనొచ్చినాడు
పెండ్లయిన మూడో నెల.

పన్నెండేండ్ల నుంచి
ఆ మూల ఎవురికీ కనపడకుండా
చూసుకుంటా ఉండాను.
ఎండల్లో అక్కడ మామిడిపండ్ల గంప.
చెనిక్కాయలు ఉడకేసిన వానపొద్దు
తొక్కలకని ఒక సత్తు తపేలా.
దసరాకు సీతాఫలాలు,
కండ్లు తెరిచినవి ముందర, తెరవనివి వెనక.
ఏ కాయా దొరకని నెలలో
కరెంటు బిల్లు, దాని మీద ఉప్పుజాడీ.

ఈ ఉగాదికి లిఖిత పొద్దున్నే చెప్పేసింది,
"అమ్మా, బల్ల సింగారించేది నేను, నువ్వు రావాకు."
ఫోను ముందర పెట్టుకోని
కాగితం రుమాళ్లను కలువపూలు చేసింది.
నాలుగు కుదిరినాయి. ఐదోది చినిగింది.
"ఫోర్కు ఎడమపక్క పెట్టాలంట,
మనకు ల్యాదు కదా, యాపరెమ్మ పెడతాండా."
నవ్వొచ్చింది, మింగేసినా.
నిజంగానే బాగుండాది.
నల్లబండ మీద యాపపూత రాలి
ఎవురూ ఎయ్యని ముగ్గు.

అరిటాకులు నేనే తెచ్చినా, కోడూరువి,
ఎర్రగుంట్ల బస్టాండు కాడ బేరమాడి.
కొస ఎడమకు పరిచి నీళ్లు చిలకరిస్తే
బండలోంచి వాసన లేచింది,
పాలిషు మిషను కింద తడిసిన రాతి వాసన,
ఎన్నిసార్లు ఉతికినా
మా ఆయన చొక్కాలో మిగిలే వాసన.

మూల మీద ఇత్తడి చెంబు పెట్టినా,
మామిడాకులు, నడిమధ్యన యాపకొమ్మ.
విరిగిందని దేవుడు కూడా కనుక్కోలేడు.

అప్పుడు చెప్పినాడు మా ఆయన,
గడప కాడ చెప్పులు ఇడుస్తా:
"కుళ్ళాయప్ప వస్తాండాడు బువ్వకు."
ఏ కుళ్ళాయప్ప?
"ఈ బండ పగలగొట్టినోడు."

తాడిపత్రిలో ఏదో ఫ్యాక్టరీ గేటు కాడ
కుర్చీ ఏసుకోని కూర్చుంటాడంట ఇప్పుడు.
తెల్లచొక్కా, ఇస్త్రీ చేసింది.
కుడిచేతికి మూడే వేళ్లు.
ఇంతమంది ఉండే చోట, ఇన్ని ఆకులుండే చోట,
నేరుగా పోయి ఆ మూలకే కూర్చున్నాడు.
చెంబును రెండు చేతులా ఎత్తి, పసిబిడ్డను దించినట్టు,
కింద పెట్టినాడు.
విరిగిన చోట అరచెయ్యి ఆనించి
కొంచేపు అట్లనే ఉండినాడు.

"సుత్తి జారలేదమ్మా,
అందురూ జారిందంటారు.
బండలో నరం ఉండింది. నేను చూసుకోల్యా."

నేను పచ్చడి గిన్నె పట్టుకోని నిలబడినా.
వడ్డించాలని కూడా తోచలేదు.
లిఖిత మాత్రం గబగబా పోయి
తన ఆకు కాడి మంచి కలువను ఆయన ముందర పెట్టి
చినిగిందాన్ని తాను తీసుకునింది.

మూడు వేళ్లతోనే ఓళిగను నాలుగు మడతలేసి
నెయ్యిలో ముంచి తిన్నాడు.
మామిడికాయ చిత్రాన్నం రెండుసార్లు అడిగినాడు.
మూతి తుడుచుకోమని మా పాప కలువను చూపిస్తే
"ఇంత కష్టపడి చేసిందాన్నా?" అని
జేబులో పెట్టుకున్నాడు, మడత నలగకుండా.
పైకండువతో తుడుచుకున్నాడు.
లేచే ముందర ఆకును
తన వైపుకే మడిచినాడు.

వాళ్లు బయట అరుగు మీద
గని సంగతులు మాట్లాడుకుంటా ఉంటే
నేను తడిగుడ్డతో బండ తుడిచినా.
మొదటిసారి ఆ మూలను కూడా,
దాని లోపలి పొరల దాకా.
గరుకుగా ఉండాది. చల్లగా ఉండాది.

"చెంబు మళ్ళా పెట్టాల్నా అమ్మా?"
చెంబులో నీళ్లు మొక్కకు పొయ్యమన్నా.
ఎండలు ముదురుతాండాయి,
ఇంక పదిరోజులకు మామిడిపండ్లొస్తాయి.
గంప యాడ పెట్టాల్నో
ఇంకా అనుకోల్యా.