రాతి మోత

బ్లాకు అమ్మేముందు మాలకొండయ్య
సుత్తితో ఒక్క దెబ్బ వేసి చెవి ఆనిస్తాడు.
ఖంగుమంటే ఓడెక్కుద్ది.
బొద్దుగా పలికితే లోపలెక్కడో వెంట్రుకంత చీలిక,
నీళ్ళు చల్లితే అక్కడ తడి ఆలస్యంగా ఆరుద్ది.
చీమకుర్తిలో ముప్పయ్యేళ్ళుగా ఇదే ఆయన చదువు.

ఆ వేసవి రాత్రి టీకొట్టు టీవీలో
నాయకుడు రెండు చేతులూ పైకెత్తి
"మన సంకల్పం శిలాసదృశం!" అన్నాడు.
"ఏ గుంతలో శిలబ్బయ్యా?" అన్నాడు మాలకొండయ్య.
ఎవ్వరూ నవ్వలా.
నిజం చెప్తున్నా, నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి.
కొలతల గుమస్తాని, అంగుళం అబద్ధం రాయనోణ్ణి,
లేచి చప్పట్లు కొట్టినోళ్ళలో నేనే ముందు.
మోచెయ్యి తగిలి గాజుగ్లాసు పగిలింది.
డబ్బులు నేనే ఇచ్చా.

తెల్లారి ఆ దేశపు వ్యాపారి ఫోనెత్తలేదు.

పద్నాలుగు బ్లాకులు,
బంగారు చుక్కల నల్లరాతి మీద నేనేసిన ఎర్ర నంబర్లతో
కృష్ణపట్నం దారి చూస్తూ యార్డులో కూచున్నాయి.
టీవీలో మాత్రం సరుకు ఆగలా:
తీవ్రంగా ఖండిస్తున్నాం.
నిశితంగా గమనిస్తున్నాం.
తగిన సమయంలో తగిన జవాబు.
తగిన సమయమంటే ఏ వారమో,
జీతాల పుస్తకంలో ఏ గడిలో రాసుకోవాలో ఎవరూ చెప్పలా.
ఒడిశా కుర్రోళ్ళు ఒంగోల్లో రైలెక్కారు.
క్రేను సుభానీ బండి తాకట్టు పెట్టాడు.
మాలకొండయ్య ఒక్కో మాటకీ
చెంచాతో బల్లమీద టక్కుమని కొట్టి
తల వంచి వినేవాడు.
ఏమీ అనేవాడు కాదు.

కార్తీకంలో అదే నాయకుడు, అదే గొంతు,
ఆ దేశపాయన భుజమ్మీద చెయ్యేసి
"మాది వేల ఏళ్ళ బంధం" అన్నాడు.
మధ్యలో మా ఆర్నెల్లు
ఆ వేలల్లో ఎక్కడ కలిసిపోయాయో.
మళ్ళీ చప్పట్లు.
ఈసారి నా చేతులు జేబుల్లోనే ఉన్నాయి.
పౌరుషమేం కాదు,
టీకి చిల్లర సరిపోద్దో లేదో తడుముకుంటున్నా.

వ్యాపారి వచ్చాడు,
నవ్వుతూ, నూటికి ముప్పై తగ్గించి.
మాలకొండయ్య మూడో నంబరు మీద దెబ్బ వేశాడు.
ఖంగుమంది.
గుంత అవతలి గోడ దాకా పోయి తిరిగొచ్చింది.
ఎండకీ వానకీ రాయికేం కాలా.

పాత ధర కొట్టేసి కొత్తది రాస్తుంటే
నా పెన్ను ఆగింది.
ఆ రాత్రి నేను కొట్టిన చప్పట్లు
ఎట్టా మోగాయో
ఆయన్నడగాలనుకున్నా.

అడగలా.