బాతుల బొంత

పాలకొల్లులో జాకెట్లు కుట్టే కొట్ల దగ్గర
కత్తిరింపు ముక్కలు కిలోల లెక్కన తూచి ఇస్తారు.
గోనెసంచి విప్పితే నడవంతా రంగులే.
ఇంకేం కావాలి బొంతకి, అనుకున్నాను.

ఎస్తేరు అడిగింది, బాతుల బొంత.
కోతలయ్యాక మందతో చేను మారి చేనుకి
గట్టుమీదే పడక వాళ్ళకి.
మంచు పడే రాత్రి కప్పుకుంటే
కాలవలో బాతులు బారుగా పోతున్నట్టుండాలంది.
మూడు మూలల ముక్క బాతు,
దానికి అటొకటీ ఇటొకటీ చిన్న ముక్కలు నీళ్ళు.
వరసకి ఐదు, నాలుగు వరసలు.

మొదటి వరస, పండుమిరప ఎరుపు మీద
ముదురు ఆకుపచ్చ పెట్టాను,
ఆ రెండూ ఎంత పోట్లాడుకుంటాయో కదా అని.
కుట్టి, మడత నలగకుండా
కాసులు మావయ్య ఇస్త్రీ బండి దగ్గరకి పట్టుకెళ్ళాను.

బొగ్గుల పెట్టె పక్కనపెట్టి అటూ ఇటూ తిప్పి
"ఇందులో బాతులేయే?" అన్నాడు.

కాసులు మావయ్యకి ఎరుపూ పచ్చా ఒకటే,
పుట్టుకతోనే.
పెళ్ళికూతురి పచ్చ జాకెట్టుకి
ఎర్రదారంతో కాజాలు కుట్టి
మిషను మీంచి లేచిపోయినవాడు.
పచ్చిమిరపో పండుమిరపో
కొరికి చెప్పాల్సిందే ఆయన.
నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.
"కళ్ళు సగం మూసి చూడు."

మూశాను.
రెప్పల సందులో ఎరుపు పోయింది,
పచ్చ పోయింది,
దమ్ము చేసిన మడిలా ఒకటే బురద.
పోట్లాటంతా పేర్లలోనే ఉంది,
గుడ్డల్లో లేదు.

ఆ రాత్రి కరెంటు పోయినప్పుడు వచ్చాడు,
అదే మంచి టైమంటూ.
గుడ్డిదీపం ముందు కూచుని
సంచి మొత్తం మూడు కుప్పలు పోశాడు.
"ఇది అన్నం. ఇది పప్పు. ఇది పాత చింతపండు.
అన్నం పక్కన చింతపండు పెట్టు, కనపడుద్ది.
పప్పులో పప్పు పోస్తే ఏం కనపడుద్ది?"

నిమ్మపండు పసుపు అన్నంలోకెళ్ళింది.
వంకాయరంగు చింతపండులోకి.
ఎంతో మెరుస్తుందనుకున్న నారింజ
పోయి పప్పులో పడింది,
దాని పక్కనే ఆకాశనీలం, ఏమీ ఎరగనట్టు.
పెద్దపువ్వుల గుడ్డని మాత్రం కసిరి తోసేశాడు:
"ఇదో చోట అన్నం, ఇంకో చోట చింతపండు,
దీన్ని నమ్మకు."

మొదటి వరస కుట్లన్నీ విప్పాను,
బ్లేడుతో, తెల్లారేదాకా.

నీళ్ళన్నీ చింతపండు కుప్పలోంచి తీశాను,
బాతులన్నీ అన్నంలోంచి.
మూడో వరసలో నాలుగోది తప్ప.
అది బండారులంక నేత, నెమలికంఠం రంగు,
అరచేతంత ముక్క,
అంచు దగ్గర ఒక్క జరీ పోగు.
చింతపండులో వేశాడు దాన్ని ఆయన.
చింతపండు మీదే కుట్టాను నేను.
చెప్తే వినాలనే ఉంటుంది,
చెయ్యి వినదు.

ఎస్తేరు పొద్దు వాలాక వచ్చింది,
కాళ్ళకి ఆరని బురదతో.
అరుగు మీద పరిచి, కొంచెం ఎడంగా నిలబడి
మందని గూట్లోకి తోలేటప్పటిలాగే
కర్ర చివరతో లెక్కపెట్టింది.
"పందొమ్మిది."
మళ్ళీ లెక్కపెట్టింది.
"ఒకటి రాలేదు."

ఆమె వేలు పట్టుకుని
మూడో వరస మీద పెట్టాను.
ఒత్తుగా ఉన్న కుట్టు వెంట నడిపించాను
ఈ మూల, ఆ మూల, పైన ముక్కు.

కాసేపు అక్కడే తడుముతూ ఉండిపోయింది.
"ఉందిలే" అంది.
"గడ్డిలో కూచుని గుడ్డు పెడతంది."

విప్పి వేరే ముక్క వేస్తానంటే
విప్పనియ్యలేదు.
బుట్టలో గుడ్లు నా పళ్ళెంలోకి దించి
బొంత నెత్తిన పెట్టుకుని
గట్టు వెంట పోయింది.

కాసులు మావయ్య రెండుసార్లడిగాడు,
బాతులన్నీ కనపడ్డాయంటనా అని.
ఆ, అన్నాను.