గుండ్ల కాడి గడ్డి

దసర ఎల్లిన పదిదినాలకు
నేరెడుగొమ్ము తొవ్వల కంచ
పచ్చదనం దిగి రాగిరంగుకొస్తది.
నడుమెత్తు బోదగడ్డి.
గింజ రాలకముందే కొయ్యాలె.
చలి ముదిరిందా, అది గడ్డి గాదు, చీపురుపుల్ల.
బర్రె మూతి గూడ పెట్టది.

లీటరు పెట్రోలుకు ఒక మూత ఆయిలు,
భుజానికి పట్టా, మోకాళ్లకు రబ్బరు తొడుగు,
కండ్లకు జాలి.
తాడు గుంజితే ఒకటోసారి దగ్గుతది,
రెండోసారి అలుగుతది,
మూడోసారికి
కంచ అంత దాని నోట్లెనే.

గంటకు మూడు నూర్లు.
పట్నం సారు ఫోన్లనే బేరం జేసిండు:
"పదెకరాలు. ఆదివారం కల్లా సాఫ్ గావాలె."
సాఫ్ అంటే ఆయనకు
ఫోటోల కనవడేది.

మిషన్ రాకముందు
ఈ కంచను తండా ఆడోళ్లు, మా వాడ ఆడోళ్లు కోసేది.
సగపాలు.
రెండు మోపులల్ల ఒకటి పట్టదారుది, ఒకటి కోసినోళ్లది.
నలభై కొడవండ్లు ఒక్కసారి వంగితే
ఆకలైన మంద మేస్తున్నట్టే చప్పుడు.
అండ్ల మా అమ్మ కొడవలి గూడ ఉండె.
ఎడమచేతి ఏళ్లమీది గాట్లు సూపిచ్చి
ఏ యేడు ఏ గాటో చెప్పేది.
వానలు మంచిగవడ్డ యేడు
గాట్లు ఎక్కువ.

నా చేతులకు గాట్లు లేవు.
పొద్దుమీకి మిషన్ ఆపినంక గూడ
చేతులు ఆగయి, అంతే.
చాయ సగం లుంగీ మీదనే.
రాత్రి పండుకుంటే
దుప్పటి కింద కంచ ఊగుతది.

మూడోనాడు
కేతావత్ జమ్కి వచ్చింది,
కొడవలి నడుముకు చెక్కుకొని.
ఎనుక ఇద్దరు కోడండ్లు, ఒక మేకపిల్ల.
కొట్లాటకే వచ్చిందనుకున్న.
మిషన్ ఆపిన. చెవులల్ల హోరు ఆగలే.
ఆమె నన్ను సూడలే.
గుండ్లను సూసింది.

ఈ కంచల గుండ్లు లెక్కవెట్టినోడు లేడు.
గుండుకు తాకితే బ్లేడు పన్ను ఇరుగుతది,
ఇరిగితే దేవరకొండ పోవాలె,
ఆరు నూర్లు, ఒక దినం.
అందుకే చుట్టూ జానెడు ఇడిసిపెడత.
గడ్డం గీసినంక మంగలి మరిచిపోయిన
చెవికింది వెంట్రుకల లెక్క.

"గుండ్ల కాడిది ఎవలిది?" అన్నది.
బేరంల ఆ ముచ్చట లేదు.
సారు అడగలే, నేను చెప్పలే.
"మిషన్‌కు అందనిది" అన్న.

నవ్వలే. మెచ్చుకోలే. కూసున్నది.
పిడికెడు కోసింది.
జరిగింది. ఇంకో పిడికెడు.
ఒక్క గుండుకు చేతికట్ట అంత,
పది గుండ్లకు గూడ నిండు మోపు గాదు.
మేకపిల్ల గుండెక్కి
నాదిక్కే సూసుకుంట నిలవడ్డది.
అదే చప్పుడు.
నలభై లేవు, మూడే.
మంద లేదు, ఒక్క బర్రె మేస్తున్నట్టు.

మల్ల తాడు గుంజిన.
జానెడు ఇడిసే కాడ మూరెడు ఇడిసిన.
మూరెడు కాడ బారెడు.
బ్లేడు పైలం, బ్లేడు పైలం
అని నాకు నేనే చెప్పుకున్న.
పొద్దు వాలేటాల్లకు
గుండు లేనికాడ గూడ
ఉన్నట్టే ఒంపు తిరిగిన.

ఆదివారం ఫోటో పంపిన.
గంటకు ఫోన్ వచ్చింది.
"నడుమ నడుమ గా కుచ్చులేంది?"
"గుండ్లు సార్."
"మన కంచల అన్ని గుండ్లున్నయా?"
"ఉన్నయి సార్.
గడ్డి కోస్తెనే తెలుస్తది."

ఫోన్ పట్టుకున్న చెయ్యి
ఇంకా వణుకుతనే ఉండె.
మిషన్‌దో,
అబద్ధానిదో.