తరుగు

సూళ్లూరుపేట లోకల్ కొరుక్కుపేటలో దిగేసరికి
ఏడూ పది.
నా టిఫిన్ ఇంకా సంచిలోనే.
ముందు ఆయనది.

మునిరత్నం గారు మంచం మీద కూర్చుని
కిటికీలోంచి గూడ్సు పెట్టెలు లెక్కపెడుతుంటారు.
ముప్పై ఒక్కేళ్లు రేషన్ షాపులో తూకం వేసిన మనిషి,
లెక్క లేకపోతే పొద్దు పోదు.

డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం ఫ్రిజ్ తలుపు మీద ఉంది.
రోజుకి యాభై గ్రాముల ప్రోటీను.
గుడ్లు రెండు, పచ్చసొన ఒకటి చాలు.
పెసరపప్పు మెత్తగా.
రాగిజావలో డబ్బా పొడి, రెండు చెంచాలు.
పల్చగా వద్దు, పొలమారుతుంది.
కాగితానికి ఆకలి ఉంది. ఆయనకి లేదు.

గిన్నె చేతికిస్తే తాగరు,
ముందు అరచేతిలో ఆడిస్తారు.
"నూట తొంభై" అంటారు.
గిన్నె బరువు తీసేసి వంటింటి కాటా మీద చూశానొకసారి,
నూట తొంభై రెండు.
"ఆ రెండూ మొగ్గు" అన్నారు,
మూడు చెంచాలు తాగి మూతి తుడుచుకుంటూ.

కూతురు ఆండాళు అంబత్తూరులో
బట్టల కంపెనీ సూపర్‌వైజరు.
రాత్రి వచ్చి నోటుబుక్కు చూస్తుంది.
ఇడ్లీ ఒకటిన్నర అని ఉంటుంది.
వడ్డించింది ఒకటిన్నర.
తిన్నానని ఆయన, తిన్నారని నేను,
తినే ఉంటాడులే అని ఆమె,
ముగ్గురం కలిసి ఒక అబద్ధాన్ని
ఆవిరి మీద ఉడికిస్తున్నాం.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, విసనకర్రతో విసురుతుంటే
అడక్కుండానే చెప్పారు.
గోడౌన్ నుంచి వచ్చేటప్పటికే
బస్తాకి రెండు కిలోలు తక్కువుండేదంట.
బొక్కలు, ఎలుకలు, లారీవాళ్లు.
రిజిస్టరులో మాత్రం నిండు బస్తా.
"ఆ తరుగు ఎవరో ఒకరు మొయ్యాలిగా.
కిలోకి ఇరవై గ్రాములు వేలితో నొక్కేవాణ్ణి.
క్యూలో ముసలోళ్లు కూడా ఉండేవాళ్లు,
ముల్లు ఎటుందో కనపడనోళ్లు."

నేనేమీ అనలేదు.
మా ఊళ్లో మా అమ్మ కార్డు
ఇప్పుడు ఎవరి వేలి కింద ఉందో.
పెరుగన్నం ఇంకో ముద్ద పెట్టబోతే
చెయ్యి అడ్డం పెట్టారు.

ఇవాళ నెలాఖరు. తూకం రోజు.
ఆండాళు సెలవు పెట్టింది.
పోయిన నెల నలభై ఒకటీ రెండు వందలు.
మెషిన్ మీదికి ఎక్కించి నడుం పట్టుకున్నాను,
పక్కటెముకలు నా వేళ్ల మధ్య ఇమిడిపోయాయి.
నలభై దగ్గర అంకె వణుకుతోంది.
ఆమె కళ్లద్దాలు పెట్టుకుని వంగేలోపు
నా బొటనవేలు అంచు మీద మోపాను.
నలభై ఒకటీ ఆరు వందలు.
"పెరిగావు నాయనా" అంది,
గొంతు పట్టేసి, బయటికెళ్లిపోయింది.

ఆయన కిందికి చూడలేదు.
ఎదుటి గోడ వైపే చూస్తూ
నాకొక్కదానికే వినపడేట్టు,
"కాలు తియ్యమ్మా.
మొగ్గు ఎక్కువైంది."

తీశాను.
నలభై.

మంచం మీద కూలబడి
జావ గిన్నె కోసం చెయ్యి చాపారు.
ఈసారి ఆడించలేదు.